ఆ ఒక్క ఇంట్లో తప్ప

స్కూటర్ బ్రేక్ కీచుమంటుంది.

వెనకాల లారీ హారన్. డ్రైవర్ తిట్లు. పిచ్చుక పట్టించుకోదు.

బండిని పెట్రోల్ బంక్ రేకుల కిందికి తోస్తుంది. వాన. అప్పుడే చీకటి పడింది. హెల్మెట్ అంచు నుంచి నీళ్లు మెడలోకి కారుతున్నాయి.

జేబులో రెండో ఫోన్ మళ్లీ వణుకుతుంది.

ఆ ఫోన్ ఊరికే మోగదు. ఆ నంబర్ తెలిసినవాళ్లు చాలా తక్కువ. అందరూ ఆడవాళ్లే. అందరూ ఏదో ఒక ఇంట్లోంచి ప్రాణాలతో బయటపడాలని చూస్తున్నవాళ్లే.

మెసేజ్ చదువుతుంది.

"చెల్లీ, సైట్ ఓపెన్ కావట్లేదు. నీకు వస్తోందా?"

టీచర్!

ఈ రాత్రి బయటపడాల్సింది ఆమే.

పిచ్చుక అసలు పేరు కాదు. గుప్పెడు మనిషి, గంపెడు మాటలు అని, ఇలాంటి ఆడవాళ్లను బయటకు తెచ్చే లాయరమ్మ పెట్టిన పేరు. పగలంతా ఆమె ఉద్యోగం ఒక్కటే... పరాయివాళ్ల వెబ్‌సైట్లకు కాపలా. ఏది నడుస్తోంది, ఏది పడిపోయింది. పడిపోతే ఓనర్ కంటే ముందు తనకు తెలియాలి.

ఆఫీసు అయ్యాక ఇంకో కాపలా. లాయరమ్మ సైట్‌కి.

చూడ్డానికి అది ఎంబ్రాయిడరీ డిజైన్ల సైట్. పువ్వులు, పిట్టలు, అంచులు. ఏ మొగుడు చూసినా ఆవలిస్తాడు. కానీ మూలన చిన్న సూది బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి ఒక మాట కొడితే చాట్ తెరుచుకుంటుంది. ఎక్కడికి రావాలి, ఎప్పుడు రావాలి, ఎవరు తీసుకెళ్తారు... అన్నీ అక్కడే.

తెల్లవారేలోపు టీచర్ ఆ ఇల్లు దాటాలి. మొగుడు నైట్ డ్యూటీలో ఉండగా. కారు ఎక్కడ ఆగుతుందో ఈ సాయంత్రం చాట్‌లో పెట్టారు.

ఇప్పుడు సైట్ రావట్లేదంటోంది.

పిచ్చుక తన ఫోన్‌లో ఓపెన్ చేస్తుంది.

వచ్చింది. గులాబీ రంగు దారంతో కుట్టిన పిట్ట. నిమ్మళంగా కూర్చుని ఉంది.

తన ఒక్క ఫోన్‌లో వస్తే సరిపోదు. ఆఫీసు టూల్ తెరుస్తుంది. వేరే ఊళ్ల నుంచి, వేరే దేశాల నుంచి సైట్ తలుపు తట్టి చూసే టూల్.

పచ్చ. పచ్చ. పచ్చ. అన్నీ పచ్చ.

సైట్ బతికే ఉంది.

ఆఫీసులో అయితే ఇక్కడ ఊపిరి పీల్చుకుని కాఫీకి లేచేది. ఇప్పుడు అలా కుదరదు. టైప్ చేస్తుంది.

"అక్కా, వేరే సైట్లు వస్తున్నాయా?"

జవాబు వెంటనే.

"అన్నీ వస్తున్నాయి. ఇదొక్కటే రావట్లేదు. ఆయన స్నానానికి వెళ్లారు, తొందరగా చెప్పు."

అంటే ఆ ఇంట్లో నెట్ ఉంది. ప్రపంచమంతా సైట్ ఉంది. మధ్యలో ఎవరో అడ్డం పెట్టారు. ఆ ఇంటి వైఫైలో... ఈ ఒక్క సైట్‌కి మాత్రమే.

అంటే ఆ ఇంట్లో ఎవరికో ఈ సైట్ సంగతి తెలుసు.

పిచ్చుక చాట్‌లోకి వెళ్తుంది. ఉదయం లాయరమ్మ పెట్టిన మెసేజ్ ఇంకా ఉంది. "తెల్లవారుజామున. ఒక్క బ్యాగ్ చాలు. ఎవరికీ చెప్పకండి. ఎవరికీ అంటే ఎవరికీ." కింద చిన్న అక్షరాల్లో, చివరిసారి చదివిన టైమ్.

మధ్యాహ్నం.

"అక్కా, మధ్యాహ్నం చాట్ మీరే చూశారా?"

ఈసారి జవాబు ఆలస్యం.

"లేదు. మధ్యాహ్నం పంటి డాక్టర్ దగ్గరున్నాను. అప్పుడు ఇంట్లో ఆయన ఒక్కరే. నిద్రలో ఉన్నారు."

నిద్రపోలేదు.

పన్ను ఎలా విరిగిందో పిచ్చుక ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు. టీచర్ ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేది. మొగుడు మాన్పించాడు. బీరువా తాళాలు తీసుకున్నాడు. ఫోన్ తీసుకున్నాడు. ఇప్పుడు మెసేజ్‌లు పంపుతున్న బుల్లి ఫోన్ లాయరమ్మ ఇచ్చింది. అందులో నెట్ లేదు, సైట్ ఇంట్లో కంప్యూటర్‌లోనే చూడాలి. ఫోన్‌ని వాషింగ్ పౌడర్ డబ్బాలో అడుగున దాచుకుంటుంది.

పోలీసుల దగ్గరకు వెళ్లలేదా అంటే... వెళ్లింది. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. జీపులో ఎక్కించి మళ్లీ ఇంటి ముందే దింపారు.

ఆమె మొగుడు ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టర్.

పిచ్చుక లాయరమ్మకు ఫోన్ చేస్తుంది. రింగ్... రింగ్... ఎత్తింది.

"సైట్ నడుస్తోందా?" అదే మొదటి మాట. మెసేజ్ ఆమెకూ వెళ్లింది.

"నడుస్తోంది మేడం. అదే నా భయం. ఆ ఇంట్లో తప్ప అన్నిచోట్లా నడుస్తోంది."

"అర్థమయ్యేలా చెప్పు."

చెప్పింది. అవతల కారు వైపర్ల చప్పుడు.

"వాడు ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"స్నానం చేస్తున్నాడట. డ్యూటీకి రెడీ అవుతున్నాడు."

"అయితే వెళ్లనీ. తెల్లవారుజామున అనుకున్నాం కదా, అలాగే..."

"మేడం, వాడు అంతా చదివాడు. చదివి కూడా నోరెత్తలేదు. స్నానం చేస్తున్నాడు. అలాంటివాడు తెల్లవారేదాకా డ్యూటీలో కూర్చుంటాడా?"



ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చింది. నిరుడు ఒకామె. రేపు వెళ్దాంలే అనుకుంది. మర్నాడు మార్చురీలో దుప్పటి తీసి గుర్తుపట్టింది లాయరమ్మే.

"నువ్వు ఎంత దూరంలో ఉన్నావు?"

"నాలుగు వీధులు."

"వాడి జీప్ బయటకు వెళ్లాకే లోపలికి వెళ్లు. నేను వెనక సందు చివర కారు ఆపుతాను. పిచ్చుకా..."

"చెప్పండి మేడం."

"జాగ్రత్త తల్లీ."

స్కూటర్ వానలోకి దూకుతుంది.

సిగ్నల్ ఎరుపు. ఆగదు. మలుపులో చక్రం జారుతుంది. కాలు నేలకు రాసుకుంటుంది. చెప్పు తెగింది. చెప్పు వదిలేస్తుంది.

పోలీస్ క్వార్టర్స్. అన్నీ ఒకేలా ఉన్న రెండంతస్తుల ఇళ్లు. మూడో వరసలో చివరిది. లైట్ స్తంభం వెనక స్కూటర్ ఆపుతుంది.

గేటు తెరిచే ఉంది. జీప్ ఇంజిన్ ఆన్‌లో ఉంది.

యూనిఫాంలో అతను. పొడుగ్గా, శుభ్రంగా. నడుముకి రివాల్వర్. మెట్లు దిగుతూ ఆగుతాడు. వెనక్కి తిరిగి పైకి చూస్తాడు.

మేడమీద కిటికీలో ఒక అమ్మాయి. పద్నాలుగో పదిహేనో ఉంటాయి. అతను చెయ్యి ఊపుతాడు. అమ్మాయి ఊపదు.

జీప్ కదిలింది. పిచ్చుక పక్కనుంచే వెళ్లింది. లైట్లు ఆమె మొహం మీద పడి తప్పుకున్నాయి.

వెళ్లిపోయాడు!

నమ్మలేకపోతుంది. అయినా కాళ్లు పరుగెత్తుతున్నాయి. వెనక వైపు. వంటింటి తలుపు.

టీచర్ తలుపు తీస్తుంది.

ఇన్ని నెలల మాటలు. ఇవాళే మొదటిసారి మొహం చూడటం. పిచ్చుక అనుకున్నంత పెద్ద వయసు మనిషి కాదు. తెల్లటి మనిషి, నూనె పెట్టి బిగించి దువ్విన జుట్టు. పెదవి ఒక పక్క వాచి ఉంది.

"నువ్వేనా చెల్లీ? ఇంత చిన్నదానివా?"

"అక్కా, ఇప్పుడే బయల్దేరాలి. ఆయనకి తెలిసిపోయింది."

"ఎలా తెలుస్తుంది? మామూలుగానే ఉన్నారు. అన్నం తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందన్నారు."

"సైట్ బ్లాక్ చేసింది ఆయనే. మధ్యాహ్నం చాట్ చదివింది ఆయనే. బ్యాగ్ ఎక్కడ?"

టీచర్ కళ్లు ఒక్క క్షణం మూసుకుంది. తెరిచింది. ఇంకేమీ అడగలేదు. స్టవ్ ఆపింది. గిన్నె మీద మూత పెట్టింది. ఆ చేతులకు అలవాటు. గ్యాస్ బండ వెనకనుంచి బ్యాగ్ లాగింది.

"అమ్ములు పైనుంది. పిలుచుకొస్తాను."

"తనకి చెప్పారా?"

"లేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు కదా. తండ్రంటే దానికి ప్రాణం. ఆయన దాన్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. నోరు జారుతుందేమోనని... కారెక్కాక చెబుదామనుకున్నాను."

మెట్ల మీద చప్పుడు.

ఇద్దరూ తిరిగి చూశారు.

అమ్ములు. కిటికీలో కనిపించిన అమ్మాయే. చేతిలో సెల్‌ఫోన్. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. ముందు బ్యాగ్‌ని చూసింది. తర్వాత పిచ్చుకని. చివరికి తల్లిని.

"వెళ్తున్నావా అమ్మా?"

"అమ్ములూ, చెప్పులేసుకో. దార్లో అన్నీ చెప్తాను."

"నన్ను వదిలేసి వెళ్తున్నావు కదా?"

"ఎవరన్నారే?"

"నేనే చదివాను." ఫోన్ పిడికిట్లో బిగించింది. "ఎగ్జామ్ తొందరగా అయిపోయింది. ఇంటికొచ్చాను. నువ్వు సూది బొమ్మ నొక్కి ఏం టైప్ చేస్తావో నాకు తెలుసు, చాలాసార్లు చూశాను. ఒక్క బ్యాగ్ చాలన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నా పేరు ఎక్కడా లేదు."

పిచ్చుక ఒక అడుగు ముందుకేసింది.

"అమ్ములూ... వైఫైలో ఆ సైట్ బ్లాక్ చేసింది ఎవరు?"

"నేనే. అది రాకపోతే అమ్మ ఎక్కడికి వెళ్లాలో తెలీదు కదా. వెళ్లకుండా ఉంటుందనుకున్నాను."

 

అతనికి ఏమీ తెలియదు.

ఏమీ తెలియదు! నిజంగానే నిద్రపోయాడు. నిజంగానే డ్యూటీకి వెళ్లాడు. తెల్లవారుజాము దాకా ఆగి ఉంటే ఎవరూ చూడకుండా తల్లీకూతుళ్లు కారెక్కేవాళ్లు.

పిచ్చుక సరిగ్గానే చెక్ చేసింది. సైట్ నడుస్తోంది, ఆ ఇంట్లో ఆగింది, ఎవరో ఆపారు... అన్నీ నిజమే. ఎవరు ఆపారన్నది ఒక్కటే తను అనుకున్నది. ఇల్లంటే మొగుడూ పెళ్లామే అనుకుంది. పిల్ల గుర్తురాలేదు.

టీచర్ నేలమీద కూర్చుంది. బ్యాగ్ జిప్పు లాగింది.

"ఇలా రా. చూడు."

అమ్ములు కదల్లేదు.

టీచర్ ఒక్కొక్కటే తీసింది. అమ్ములు జీన్స్. అమ్ములు స్వెటర్. స్కూల్ సర్టిఫికెట్లు పెట్టిన ఫోల్డర్. ఆస్తమా పంపు. నీలం రంగు స్విమ్మింగ్ క్యాప్. చిన్నప్పటి నుంచి పక్కలో పెట్టుకుని పడుకునే కుందేలు బొమ్మ, ఒక చెవి లేనిది.

"నాకోసం రెండో చీర పెట్టడానికి చోటు చాల్లేదు. ఇందులో నాది ఏముందో నువ్వే వెతుకు."

అమ్ములు కుందేలును చూసింది. స్వెటర్‌ని చూసింది. మెల్లగా మోకాళ్ల మీద కూలబడింది. తల్లి ఒళ్లో తల పెట్టింది. టీచర్ ఆ జుట్టులో వేళ్లు పోనిచ్చింది.

"పిచ్చిదానా. నిన్ను వదిలేసి వెళ్లేదాన్నే అయితే ఎప్పుడో వెళ్లేదాన్ని కదే."

పిచ్చుక మొహం పక్కకు తిప్పుకుంది. 

"అక్కా, ఫరవాలేదు. ఆయనకి తెలియదు. టైమ్ ఉంది. మెల్లగా..."

"అమ్మా..."

అమ్ములు తలెత్తింది. 

"ఇందాక కిటికీలోంచి ఈవిడ పరిగెత్తుకు రావడం చూశాను. ఇప్పుడే వెళ్లిపోతావనుకున్నాను. నాన్నకి... ఫోన్ చేశాను అమ్మా."

"ఏం చెప్పావు?"

"అమ్మ వెళ్లిపోతోంది, తొందరగా రా అని."

దూరంగా ఇంజిన్.

జీప్!

"పరిగెత్తండి!" పిచ్చుక బ్యాగ్ అందుకుంది.

వెనక తలుపు. బురద. ప్రహరీ గోడలో చిన్న గేటు. గడియ తుప్పు పట్టింది. రాదు. టీచర్ చేత్తో గుద్దింది. వచ్చింది.

సందు. సందు చివర లాయరమ్మ కారు. ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. వెనక తలుపు తెరిచి పెట్టి ఉంది.

టీచర్ కూతురి చెయ్యి పట్టుకుని పరుగు. పిచ్చుక ముందు. ఒక కాలికి చెప్పు లేదు. గాజు పెంకు దిగింది. ఆగదు.

ఇంకొంచెం... ఇంకొంచెం...

వెనక సందు మొత్తం తెల్లగా వెలిగిపోయింది.

జీప్ లైట్లు.

బ్రేక్. తలుపు చప్పుడు. బూట్లు నీళ్లలో పడుతున్నాయి. తొందర లేని నడక.

"అమ్ములూ."

గొంతులో కోపం లేదు. అన్నానికి పిలిచినట్టు పిలిచాడు.

"ఇలా రా తల్లీ. తడిసిపోతున్నావు."

"ఎక్కు!" లాయరమ్మ కారులోంచి అరుస్తోంది. పిచ్చుక బ్యాగ్ లోపలికి విసిరింది. టీచర్ కూతుర్ని సీటు వైపు తోసింది.

అమ్ములు ఎక్కలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తండ్రి నడుము దగ్గర చెయ్యి ఎక్కడుందో చూసింది.

"నేను మాట్లాడతానమ్మా. నాన్న నా మాట వింటాడు."

"వద్దే."

"పిలిచింది నేనే కదా. నేనే పంపించేస్తాను. మీరు ఎక్కండి."

టీచర్ చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి పట్టులోంచి జారిపోయింది.

అమ్ములు వెలుగులోకి నడుస్తోంది. రెండు చేతులూ ముందుకు చాపి.

"నాన్నా, అమ్మ ఎక్కడికీ వెళ్లట్లేదు. నేనే తప్పుగా అనుకున్నాను. సారీ నాన్నా. నువ్వు డ్యూటీకి వెళ్లిపో."

అతను ఎడమ చేత్తో దగ్గరకు తీసుకున్నాడు. నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"ఏడవకు తల్లీ. నీ తప్పేం లేదు."

అమ్ములు మొహం అతని చొక్కాలో ఉంది. భుజాలు అదురుతున్నాయి.

టీచర్ కారు ఎక్కలేదు. కూతురి వెనకే నడిచి వస్తోంది. మెల్లగా... అడుగులో అడుగు వేస్తూ... పిల్లని తీసుకుపోవడానికి వచ్చే తల్లిలా.

"దాన్ని వదిలెయ్యండి. నేను ఇంట్లోకి వస్తాను. దాన్ని వదిలెయ్యండి చాలు."

పిచ్చుక చూసింది. అమ్ములు భుజం మీదుగా... అతని కుడి చెయ్యి లేస్తోంది.

"అక్కా!"

ఢాం!

టీచర్ పడలేదు. అలసిపోయినట్టు రోడ్డు మీద కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది. పిచ్చుక పరుగున వచ్చి తల పట్టుకుంది. చెయ్యి పెట్టిన చోటల్లా వెచ్చగా తగులుతోంది. వాన కడుగుతోంది. మళ్లీ వస్తోంది.

"అక్కా... అక్కా, నన్ను చూడండి..."

టీచర్ పిచ్చుకని చూడట్లేదు. వెలుగు వైపు చూస్తోంది.

"దాన్ని... ఎక్కించు..."

కళ్లు అటే ఉండిపోయాయి.

అతను కూతుర్ని వదల్లేదు. తల ఛాతీకి నొక్కి పట్టుకునే ఉన్నాడు. రివాల్వర్ ఉన్న చేతి వేళ్లతోనే జేబులోంచి ఫోన్ తీశాడు. నంబర్ కొట్టి, స్పీకర్ పెట్టి మళ్లీ చొక్కా జేబులో వేశాడు.

"కంట్రోల్ రూమ్? ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుతున్నాను. మా క్వార్టర్స్ వెనక సందులో కాల్పులు. ఒక కారు, ఇద్దరు ఆడవాళ్లు. నా కూతుర్ని ఎత్తుకెళ్లబోయారు. అడ్డం వెళ్లిన నా భార్యను కాల్చేశారు. ఫోర్స్ పంపండి."

డ్యూటీ గొంతు. ఒక్క మాట తడబడలేదు.

అప్పుడు పిచ్చుక మొహంలోకి చూశాడు.

ఆమెకు అర్థమైంది. ఫోర్స్ వచ్చేసరికి ఇక్కడ మాట్లాడేవాళ్లు ఉండరు. తనూ, లాయరమ్మా... ఎదురుకాల్పుల్లో పోయినవాళ్ల లెక్కలోకి వెళ్తారు.

రివాల్వర్ మెల్లగా ఇటు తిరుగుతోంది.

పిచ్చుక లేవలేదు. టీచర్ తల ఒళ్లోనే ఉంది. కింద పెట్టడానికి చేతులు రావట్లేదు.

అతని చొక్కాలోంచి ఒక గొంతు.

"అబద్ధం."

అతను కిందికి చూశాడు.

అమ్ములు మొహం బయటకు లాక్కుంది. ఒక చెవి దగ్గర మసి. ఆ చెవి వినిపించట్లేదు కాబోలు, మామూలుగా కంటే గట్టిగా మాట్లాడుతోంది.

"ఎవరూ ఎత్తుకెళ్లడానికి రాలేదు. మా నాన్నే కాల్చాడు. నన్ను పట్టుకుని కాల్చాడు. మా అమ్మని మా నాన్నే..."

అరచెయ్యి నోటి మీద పడింది. కొరికింది. చెయ్యి లేచిపోయింది.

"మా నాన్నే చంపేశాడు."

లైన్ ఇంకా కట్ కాలేదు. ఫోన్‌లో గరగర. కంట్రోల్ రూమ్‌లో ప్రతి మాటా రికార్డ్ అవుతుంది. ఆ సంగతి అక్కడున్నవాళ్లందరిలోకీ అతనికే బాగా తెలుసు.

రివాల్వర్ ఉన్న చెయ్యి కిందికి జారింది.

"హలో?" అవతల ఎవరో ఆపరేటర్. నిద్ర వదిలిపోయిన గొంతు. "హలో, ఎవరమ్మా మాట్లాడేది?"

అమ్ములు తండ్రినే చూస్తోంది. రెప్ప వేయట్లేదు.

"ఈయన కూతుర్ని."